గౌరయ్య పెళ్ళాం ఖాళీయేనట

అనగనగా... ఎంత వెనక అనగనగానో నాకే తెలీదర్రా, మా అమ్మమ్మ నాకు చెప్పేనాటికే పాతబడిపోయిన అనగనగా... ఏటి పక్కన ఒక ఊరు. ఊరి చుట్టూ చెరుకు తోటలు. గాలి వీస్తే చాలు, గుప్పుమని తీపి వాసన.

పండూ, కాళ్ళు ముడుచుకోరా, చెల్లికి చోటివ్వు. అమ్మాజీ, నువ్వు దుప్పటంతా లాక్కోకు. ఊ కొట్టండి మరి. ఊ కొట్టకపోతే కథ చెప్పేదాన్ని నేను నిద్రపోతాను.

ఆ ఊళ్ళో గౌరయ్య అని ఒకడుండేవాడు. వాడి పని బెల్లం వండటం. బెల్లం వండటమంటే మీ అమ్మ పాయసం వండినట్టు కాదు. గానుగాడిన చెరుకు రసమంతా తెచ్చి పెద్ద పెనంలో పోస్తారు. ఎంత పెద్ద పెనమంటే మీరిద్దరూ అందులో పడుకుని అటూ ఇటూ పొర్లొచ్చు. కింద గాడిపొయ్యి. ఎండిన చెరుకు పిప్పి తెచ్చి తెచ్చి అందులోకి తోస్తూ ఉండాలి. రసం కాగితే మడ్డి తేలుతుంది, మడ్డి తీస్తే నురగ పొంగుతుంది, నురగ అణిగితే బుడగ లేస్తుంది, బుడగ చిక్కబడితే పాకం. ఆ పాకం ఎప్పుడు దింపాలో తెలియడమే విద్యంతా. రెప్పపాటు ముందు దింపితే జావ. రెప్పపాటు వెనక దింపితే మాడు.

గౌరయ్య చన్నీళ్ళ ముంతలో ఒక్క చుక్క పాకం వేసి, వేళ్ళతో ఉండ కట్టి, పెనం అంచుకి కొట్టేవాడు. ఠంగుమందా, "దింపండ్రోయ్" అనేవాడు. ఆ బెల్లం పచ్చటి బంగారంలా ఉండేదట. రాజుగారింట్లో పండగొస్తే పాకం గౌరయ్య బెల్లమే వెళ్ళాలి. ఊళ్ళో వాడు నడిచొస్తుంటే పెద్దవాళ్ళు కూడా జరిగి చోటిచ్చేవారు.

వాడికి మీసం కూడా ఉండేది. చివర్లు మెలేసి, కాస్త నెయ్యి రాసి... అది గుర్తుపెట్టుకోండి, దాని సంగతి తర్వాత చెప్తాను.

గౌరయ్య పెళ్ళాం పేరు నూకరత్నం. ఇద్దరు పిల్లలు. పెద్దది బంగారి, ఏడేళ్ళది. తర్వాత మూడేళ్ళ పిల్లాడు. ఇంట్లో గౌరయ్య తల్లి పోలమ్మ కూడా ఉండేది. పాపం, ఏడాది కిందట ఆవిడకి ఒక పక్క పడిపోయింది. మాట వస్తుంది గానీ లేవలేదు, తనంత తాను పక్కకి దొర్లలేదు. అన్నీ మంచంలోనే. ఎవరో ఒకరు చెయ్యాలి కదా, ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నూకరత్నమే.

గౌరయ్యకి ఇదంతా తెలుసా అంటే తెలుసు. తెలీదా అంటే తెలీదు. పొద్దున్న లేచేసరికి చెంబుతో నీళ్ళుండేవి, ఆకులో అన్నముండేది, ఆరేసిన పంచె ఉండేది. సూర్యుడు వచ్చాడని ఎవరైనా ఆశ్చర్యపోతారా? అలాగే వాడూ ఆశ్చర్యపోలేదు. ఇల్లంటే అలా నడిచేదే అనుకున్నాడు.

ఊ కొడుతున్నారా?

ఇలా ఉండగా ఆ దేశపు రాజుకి ఒక మంచి ఆలోచన వచ్చింది. తూర్పు వైపు ఊళ్ళకి నీళ్ళు లేవు, ఏటి నుంచి కాలవ తవ్విస్తే బాగుంటుందని. మంచి ఆలోచనే. కానీ తవ్వేవాళ్ళు కావాలి కదా. పనిలో ఉన్నవాళ్ళని పని మానిపిస్తే దేశం పాడవుతుందని చెప్పి, ఊరూరా డప్పు వేయించాడు. పనీ పాటా లేకుండా ఖాళీగా ఉన్నవాళ్ళు ఇంటికొకరు చొప్పున నలభై రోజులు వచ్చి కాలవ తవ్వాలట. తిండీ నీడా కూలీ రాజుగారివేనట. ఎవరైనా అబద్ధం చెప్తే సగం మీసం గొరిగించి ఊరూరా తిప్పుతారట.

రాజుగారి బంట్రోతు ఒకడు సున్నపు ముంత పట్టుకుని ఈ ఊరు వచ్చాడు. ఏ ఇంట్లో ఖాళీ మనిషి ఉంటే ఆ ఇంటి గోడకి సున్నపు చుక్క పెట్టడం వాడి పని. మగవాళ్ళంతా బెల్లం పాక దగ్గరే ఉన్నారు కాబట్టి నేరుగా అక్కడికే వచ్చి అడగడం మొదలెట్టాడు. గౌరయ్య పెనం ముందు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. చుట్టూ పాతికమంది మగవాళ్ళు.

బంట్రోతు అడిగాడు, "ఏవయ్యా, మీ ఇంట్లో ఎవరెవరు?"

గౌరయ్య చెప్పాడు. తానూ, మంచాన పడ్డ తల్లి, ఇద్దరు పసిపిల్లలు, పెళ్ళాం.

"పెళ్ళాం ఏం పని చేస్తుంది?"

ఇదిగో, ఇక్కడే ఆగండి. గౌరయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. నూకరత్నం పొద్దున్నే పాకకి వచ్చి పిప్పి ఎండబోసి వెళ్తుందని చెప్దామా అనుకున్నాడు. కానీ చుట్టూ అంతమంది. నా పెళ్ళాం కూడా పనిచేస్తుందంటే, వీడి సంపాదన చాలదు కాబోలు అనుకోరూ? ఇక ఇంటి పని అంటారా, దాన్ని పని అంటారని వాడికి తోచనే లేదు. మీసం మెలేసి, నవ్వుతూ అన్నాడు, "దానికేం పనండీ, నేనుండగా? ఇంట్లో ఖాళీయే."

అందరూ నవ్వారు. తర్వాతవాణ్ణి అడిగితే వాడూ, "మాదీ ఖాళీయే" అన్నాడు. ఆ పక్కవాడు ఖాళీయే, వాడి పక్కవాడు ఖాళీయే. వీడి పెళ్ళాం ఖాళీ, వాడి చెల్లెలు ఖాళీ, ఇంకొకడి కోడలు ఖాళీ. ఊరంతా ఖాళీయే. బంట్రోతు ముంతలో సున్నం అయిపోయింది, మళ్ళీ కలుపుకోవాల్సొచ్చింది.

మర్నాడు పొద్దున్న బళ్ళొచ్చాయి. సున్నపు చుక్క ఉన్న ప్రతి ఇంటి ముందూ ఒక భటుడు. నూకరత్నం చేతిలో గంజి గిన్నె, చంకలో పిల్లాడు. నాకెందుకయ్యా రావడం, నేను ఖాళీగా లేనే అంది. మీ ఆయనే చెప్పాడమ్మా అన్నాడు భటుడు.

ఆవిడ తిరిగి గౌరయ్య వైపు చూసింది.

"మావా, నేను ఖాళీగా ఉన్నానని చెప్పావా?"

గౌరయ్యకి చెవులు వేడెక్కాయి. లేదు, నేను చెప్పింది తప్పు అని ఒక్క మాట అంటే చాలు, బండి వెళ్ళిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వీధిలో అందరూ చూస్తున్నారు. నిన్న అంత గొప్పగా చెప్పి ఇవాళ కాదంటే పరువేం కావాలి? పైగా మీసం సంగతి ఒకటి. వాడు తల వంచుకుని, తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు. దులపడానికి దానికేం దుమ్ములేదు. ఊరికే దులిపాడు.

నూకరత్నం గబగబా చెప్పాల్సినవి చెప్పింది. అత్తని ఎడం పక్క మీద ఎక్కువసేపు ఉంచకు, పూటకి రెండుసార్లు పక్క మార్చు. పిల్లాడికి గంజి చల్లార్చి పెట్టు, లేకపోతే వాంతి చేసుకుంటాడు. బంగారిని పొయ్యి దగ్గరికి పంపకు. చెప్తూ చెప్తూనే బండెక్కింది. పిల్లాడు అమ్మా అని గుక్కపెట్టాడు. గౌరయ్య ఆ చెప్పినవేవీ వినలేదు. బండి తొందరగా కదిలితే బాగుండునని చూస్తున్నాడు, ఎందుకంటే ఆవిడ మొహం చూడటం వాడి వల్ల కావడం లేదు.

ఏం అమ్మాజీ, కోపమొస్తోందా? నాకూ వచ్చేది, నీ వయసులో.

ఆ రోజు గౌరయ్య ఏం చేశాడంటే, ఎప్పటిలాగే బెల్లం పాకకి వెళ్ళిపోయాడు! ఇంట్లో ఎవరున్నారు? ఏడేళ్ళ బంగారి ఉంది కదా అనుకున్నాడు. ఆడపిల్ల కదా, చూసుకుంటుందిలే అనుకున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట వాల్చుకుని కూర్చున్నాడు. కూర్చున్నాడు, కూర్చున్నాడు, అన్నం రాదే! బంగారీ అని కేకేశాడు. ఆ పిల్ల గుమ్మం వెనక నుంచి వచ్చింది, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని.

"అన్నమేదే?" అన్నాడు.

"కుండ దించడం రాలేదు నాన్నా. పడిపోయింది," అంది. కొడతాడేమోనని భయపడుతూ చేతులు ముందుకి చాచి చూపించింది. అరచేతుల మీద బొబ్బలు.

గౌరయ్య ఆ చేతులు చూశాడు. పొద్దున్నించీ ఆ బొబ్బలతోనే తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగిందట. వాడు పాకలో ఎంతమంది పనివాళ్ళ చేతులు కాలితే వెన్న రాసి కట్టాడో. తన కూతురి చేతికి ఏం రాయాలో, ఇంట్లో వెన్న ఏ గిన్నెలో ఉంటుందో వాడికి తెలీలేదు. ఆ పిల్లే చెప్పింది, ఆ మూల ఉట్టి మీద అని. అప్పుడు మొదటిసారి గౌరయ్యకి సిగ్గేసింది. కొంచెం సిగ్గు. మనిషి లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకున్నంత.

మర్నాటి నుంచి పాకకి వెళ్ళడం మానేశాడు. ఇంటి పనే కదా, నాలుగు గడియల్లో చేసి పడుకుంటాననుకున్నాడు. వినండి వాడి పాట్లు.

అన్నం వండాలంటే పొయ్యి మండాలి. పొయ్యి మండాలంటే పుల్లలు ఎండాలి. పుల్లలు ఎండేద్దామంటే పిల్లాడు ఏడుస్తాడు. పిల్లాడు ఊరుకోవాలంటే పాలు కావాలి. పాలు కావాలంటే ఆవుకి మేత వెయ్యాలి. మేత వేద్దామంటే సావిడి ఊడవాలి. సావిడి ఊడుద్దామంటే చీపురు పట్టుకోగానే ముసలమ్మ మూలుగుతుంది. ముసలమ్మ దగ్గరికి వెళ్దామంటే నీళ్ళు కావాలి. నీళ్ళకి ఏటికి వెళ్దామంటే పిల్లాడు ఎవరి దగ్గర? పిల్లాణ్ణి చంకనేసుకుని, కడవ భుజాన పెట్టుకుని ఏటికి వెళ్ళొచ్చేసరికి కడవ తొణికి పుల్లలు తడిసిపోయాయి, పొయ్యి ఆరిపోయింది, ఆవు కట్టు తెంపుకుంది. మళ్ళీ మొదలు! అన్నం వండాలంటే పొయ్యి మండాలి...

నవ్వకండర్రా. సరే, కాస్త నవ్వండి.

వెయ్యి కడవల రసం పాకం పట్టినవాడు, మూడేళ్ళ పిల్లాడికి ఒక్క గిన్నెడు గంజి కాచలేకపోయాడు. అడుగంటింది. ఇంకోరోజు ఉడకలేదు. ఒకరోజు వేడివేడిగా పెడితే వాడు వాంతి చేసుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ ఏదో చెప్పింది, చల్లార్చి పెట్టు అని. ఇంకా ఏం చెప్పిందో? ఎంత తలకొట్టుకున్నా గుర్తు రాలేదు. వింటే కదా గుర్తుండటానికి.

సాయానికి పక్కింటికి వెళ్దామంటే పక్కింట్లోనూ ఇదే గోల. అక్కడా ఆడవాళ్ళు లేరు. బెల్లం పాక కూడా మూతపడింది, తెలుసా? పిప్పి ఎండబోసేది ఆడవాళ్ళే, చెరుకు ఆకు దూసేది ఆడవాళ్ళే, పెనాలు తోమేది ఆడవాళ్ళే. ఈ ఖాళీ మనుషులు లేకపోయేసరికి గాడిపొయ్యి ఆరిపోయింది. చెరుకు తోటలోనే ఎండిపోతోంది. మగవాళ్ళు వీధిలో ఎదురైతే ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పక్కకి తప్పుకునేవారు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. కొంచెం కష్టమైన ముక్క.

పది రోజులయ్యాక గౌరయ్య తల్లికి గంజి తాగిస్తూ చూశాడు, ఆవిడ పెదాలు పగిలి నెత్తురు చెమ్మ కనబడుతోంది. నాలుక ఎండిపోయి ఉంది. నీళ్ళు తాగమ్మా అంటే వద్దంది. దాహం లేదా అంటే లేదంది. ఎందుకు లేదో వాడికి అర్థం కాలేదు. ఎండలు మండుతుంటే దాహం లేకపోవడమేమిటి?

మంచం పక్కన కూర్చున్న బంగారి నెమ్మదిగా చెప్పింది. "నీళ్ళు తాగితే ఒంటేలుకి లోటా పెట్టాలి కదా నాన్నా. నువ్వు పెట్టాలని నాన్నమ్మకి సిగ్గు. అందుకే తాగదు."

పోలమ్మ గోడ వైపు మొహం తిప్పుకుంది. తిప్పుకోగలిగింది మొహం ఒక్కటే కదా పాపం. ఎదిగిన కొడుకు చేత అలాంటి పని చేయించుకోలేక, పది రోజులుగా గుటకో రెండు గుటకలో తప్ప నీళ్ళు ముట్టలేదు ఆ తల్లి.

గౌరయ్య ఆవిణ్ణి ఎత్తి కూర్చోబెడదామని వీపు కింద చెయ్యి పెట్టాడు. చేతికి తడి తగిలింది. చూస్తే వీపు మీద, ఎడం పక్కన, అరచేతంత పుండు. ఎడం పక్క మీద పడుకోబెట్టింది పడుకోబెట్టినట్టే ఉంచేశాడు పది రోజులు. అప్పుడు గుర్తొచ్చింది నూకరత్నం మాట. పూటకి రెండుసార్లు పక్క మార్చు.

"అమ్మా, నొప్పి అని చెప్పొచ్చు కదే," అన్నాడు.

"నువ్వు కష్టపడుతున్నావు కదరా నాయనా, ఇంకా ఏం చెప్పను," అంది పోలమ్మ. మళ్ళీ తనే అంది, "నాకూ బుద్ధి లేదురా. నువ్వు తిన్న కంచం నేనెప్పుడూ తియ్యనివ్వలేదు. మగపిల్లాడు, వాడికెందుకు అన్నాను. నీ చేతులు నేనే పాడుచేశాను. ఆ కోడలు పిల్ల ఏడాదిగా నా వీపు మీద చిన్న గీత పడనివ్వలేదు."

ముల్లంత సిగ్గని చెప్పానా? అది ఇప్పుడు పెరిగి పెరిగి వాడిలో పట్టనంత అయింది. అద్దంలో మీసం చూసుకోవాలంటే కూడా వాడికి అసహ్యమేసింది.

ఆ రోజు గౌరయ్య నీళ్ళు కాచాడు. తల్లి సిగ్గుపడితే, "చిన్నప్పుడు నాకు నువ్వు చెయ్యలేదా" అని పాత చీర అడ్డుపెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, ఒళ్ళు తుడిచాడు. పసుపు నూరి పుండుకి పెట్టాడు. నీళ్ళు తాగించాడు, చెంబుడు. ఆవిడ తాగుతూనే ఏడ్చింది, వాడూ ఏడ్చాడు. ఎవరు చూశారంటే బంగారి చూసింది.

ఇంకో ఎనిమిది రోజులకి పుండు మానుముఖం పట్టింది. అప్పుడు గౌరయ్య బండి కట్టాడు. బండిలో గడ్డి పరిచి, గడ్డి మీద బొంత వేసి, తల్లిని పడుకోబెట్టి, పిల్లలిద్దర్నీ ఎక్కించుకుని, కాలవ దగ్గరికి బయల్దేరాడు. మూడు రోజుల దారి. పూటకి రెండుసార్లు బండి ఆపేవాడు, తల్లిని పక్క మార్చేవాడు. చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి గంజి కాచేవాడు, చల్లార్చి పెట్టేవాడు. దారిలో వాళ్ళు చూసి నవ్వితే నవ్వనిచ్చాడు.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. పాపం నూకరత్నం తట్టలు మోసి మోసి ఎలా చిక్కిపోయిందో! వెళ్ళగానే కాళ్ళు పట్టుకుని, పద, నీ ఇంటికి నువ్వు పద, అని తీసుకొచ్చేయాలి.

మూడో రోజు పొద్దు వాలే వేళకి చేరారు. ఎంత పొడుగు కాలవ! అందులో ఎవరున్నారనుకున్నారు? అంతా ఆడవాళ్ళే. దేశంలో ఏ ఊరి మగవాణ్ణి అడిగినా అదే మాట చెప్పాడు మరి.

గౌరయ్య బండి చాటు నుంచి వెతికాడు. వీళ్ళు చేరడమూ, అక్కడ డప్పు మోగడమూ ఒకసారే అయింది. ఆడవాళ్ళంతా పారలు కింద పెట్టేసి, కాలవ అడుగున ఊరిన నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కుని గట్టెక్కారు. నూకరత్నం కనబడింది. చిక్కలేదు. ఒళ్ళు ఎండకి నల్లబడింది గానీ మొహం తేటగా ఉంది. తల నున్నగా దువ్వుకుని జడ వేసుకుంది. పెళ్ళైన కొత్తలో చూసిన జడ. నలుగురితో కూర్చుని, ఎవరో వండి వడ్డిస్తే వేడన్నం తింటోంది. తింటూ ఏదో చెప్పి పకపకా నవ్వింది.

ఆవిడ కూర్చుని తినడం చివరిసారి ఎప్పుడు చూశానా అని గౌరయ్య ఆలోచించాడు. గుర్తు రాలేదు. బండి చాటునే ఉండిపోయాడు.

పిల్లాడు చూసేశాడు, అమ్మా అని అరిచాడు. నూకరత్నం కంచం వదిలేసి పరిగెత్తుకొచ్చింది. పిల్లాణ్ణి ఒక చేత్తో, బంగారిని ఒక చేత్తో పొదువుకుని ఏడ్చింది. తర్వాత బండెక్కి అత్త వీపు చూసింది. మానుతున్న పుండు చూసి మొహం చిన్నబోయింది.

"ఈ పసుపు ఎవరు పెట్టారు?"

"నేనే," అన్నాడు గౌరయ్య, నేల చూస్తూ. "ఇంటికి వచ్చెయ్యి. ఇక్కడ మట్టి మొయ్యలేక ఎంత బాధపడుతున్నావో అని..."

నూకరత్నం బండి అంచున కూర్చుంది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. "మట్టి మొయ్యడం కష్టమే మావా. పిల్లల మీద బెంగతో ఏడవని రోజు లేదు. కానీ ఇక్కడ పొద్దు గూకితే డప్పు కొడతారు. కొట్టగానే పార దించెయ్యాలి, దించకపోతే మేస్త్రీ కేకలేస్తాడు. మొదటిరోజు డప్పు కొట్టాక ఏం చెయ్యాలో నాకు తెలీలేదు. చేతులు ఊరికే ఉంటే భయమేసింది. ఏదో మర్చిపోయానని లేచి లేచి వెతుక్కున్నాను. నువ్వు చెప్పావు చూడు, ఖాళీ అని... ఖాళీగా ఉండటం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను."

కొడితే బాగుండేదనిపించింది గౌరయ్యకి. తిడితే బాగుండేదనిపించింది. ఇంటికి రమ్మన్న మాట పక్కనపెట్టి, తల్లిని పక్క మార్చే వేళైందని బండెక్కాడు.

ఊ కొట్టరేం? నిద్రపోయారా? లేదా. సరే వినండి.

మర్నాడు పొద్దున్న రాజుగారు కాలవ చూడటానికి వచ్చారు. గట్టు మీద కుర్చీ వేశారు. ఎవరూ పిలవకుండానే గౌరయ్య వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. చుట్టూ వందలమంది. వాళ్ళ ఊరి ఆడవాళ్ళు, పైఊళ్ళ ఆడవాళ్ళు, భటులు, మేస్త్రీలు.

"మారాజా, నేను అబద్ధం చెప్పాను. నా పెళ్ళాం ఖాళీ మనిషని చెప్పాను," అన్నాడు.

అయితే ఆమె ఏం పని చేస్తుంది అని రాజుగారు అడిగారు. బంట్రోతు అడిగిన ప్రశ్నే. ఈసారి గౌరయ్య చెప్పడం మొదలెట్టాడు. కోడి కూయకముందు లేవడం దగ్గర్నుంచి చెప్పాడు. నీళ్ళు మోస్తుందన్నాడు, పేడ తీస్తుందన్నాడు, పాలు పితుకుతుందన్నాడు, పిప్పి ఎండబోస్తుందన్నాడు. గంజి చల్లారుస్తుందన్నాడు. మా అమ్మకి లోటా పెడుతుంది, ఒళ్ళు తుడుస్తుంది, పక్క మారుస్తుంది, అది మా అమ్మ, ఆవిడమ్మ కాదు, అన్నాడు. నేను పెనం ముందు వండితే పాకం గౌరయ్య అన్నారు, ఆవిడ పొయ్యి ముందు వండితే నేను కంచంలోంచి తలెత్తి కూడా చూడలేదన్నాడు. చెప్తూ చెప్తూ గొంతు పోయింది, అయినా ఇంకా మిగిలిపోయింది. "అన్నీ నాకు తెలీవు మారాజా. నేను చేసినవే చెప్పాను. ఇంకా ఉంటాయి," అన్నాడు.

ఆడవాళ్ళు కొంగులు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. రాజుగారు తల వంచుకున్నారు. ఎందుకో తెలుసా? కోటలో ఆయన తల్లి కూడా మంచంలోనే ఉంది. ఆవిడకి పక్క మార్చేది ఎవరో, ఆమె పేరేమిటో ఆయనకి తెలీదు. రాజైతే మాత్రం సిగ్గుండదా?

గౌరయ్య తనే మంగలి ముందు కూర్చున్నాడు. సగం మీసం రాలిపోయింది. పిల్లాడు చూసి కిలకిలా నవ్వాడు.

రాజుగారు అన్నారట, ఇక నీ భార్య ఇంటికి వెళ్తుంది, మిగిలిన రోజులు నువ్వు తవ్వు, అదే నీకు శిక్ష అని.

అప్పుడు నూకరత్నం ముందుకొచ్చి దణ్ణం పెట్టింది. "మారాజా, తప్పుగా అనుకోకండి. ఆయన ఇక్కడ తవ్వితే పొద్దు గూకగానే ఆయనకి విశ్రాంతి. నేను ఇంటికెళ్తే నాకు మళ్ళీ డప్పు లేని పని. మరి శిక్ష ఎవరికి పడినట్టు?"

అయితే నువ్వే చెప్పమ్మా ఏం చేద్దామో అన్నారు రాజుగారు. ఆవిడ చెప్పింది. తన నలభై రోజులూ తనే పూర్తి చేస్తానంది. ఇంకా పందొమ్మిది రోజులుంది. అంతవరకూ ఆయన అత్తనీ పిల్లల్నీ చూసుకోవాలి. ఆ తర్వాత ఇంటి పనీ బయటి పనీ ఇద్దరిదీ. ఇంట్లో పని శిక్ష కాదండీ, ఒక్కరి మీదే పడేస్తే శిక్ష అవుతుంది, అంది.

రాజుగారు అలాగే తీర్పిచ్చారు. అంతేనా, ఖాళీ అని చెప్పిన మిగతా మగవాళ్ళందర్నీ తట్టలు పట్టుకు రమ్మన్నారు. ఒక వారం ఇంటి మగవాడు తవ్వితే ఒక వారం ఆడమనిషి, ఎవరు తవ్వినా కూలి ఒకటే. మంగలికి మాత్రం మూడు రోజులు తీరిక దొరకలేదట పాపం!

నలభై రోజులు నిండాక నూకరత్నం ఇంటికొచ్చింది. వచ్చినరోజు గౌరయ్య వండి పెట్టాడు. పప్పులో ఉప్పెక్కువైంది. ఆవిడ బాగుందనలేదు, ఉప్పెక్కువైందనే చెప్పింది. మర్నాడు సరిపోయింది.

తర్వాత ఒకరోజు నూకరత్నం అడిగింది, పాకం పట్టడం నాకూ నేర్పు అని. ఆడవాళ్ళు పెనం ముందు నిలబడితే బెల్లం విరిగిపోతుందని పాకలో గొణిగారు. గౌరయ్య గరిటె ఆవిడ చేతికిచ్చాడు. మొదటి పెనం జావైపోయింది, రెండోది మాడింది. అందరూ నవ్వితే వాడు చెప్పాడు, నేను నేర్చుకున్నప్పుడు నాలుగు పెనాలు పాడుచేశాను, ఇంకా రెండున్నాయి ఆవిడకి అని. మూడోదే కుదిరింది. ఉండ కట్టి అంచుకి కొడితే ఠంగుమంది! ఆ తర్వాత నాలుగు రోజులు ఆవిడ పెనం ముందు, నాలుగు రోజులు వాడు. పోలమ్మ ఇంకా ఆరేళ్ళు బతికింది, వీపు మీద గీత లేకుండా. బంగారీ, తమ్ముడూ చెరో కడవా మోశారు. అందరూ సుఖంగా ఉన్నారు.

కానీ ఒక్క మాట. ఊళ్ళోవాళ్ళు గౌరయ్య బట్టలు ఉతకడం చూసి, తల్లికి అన్నం తినిపించడం చూసి, ఆహా ఎంత మంచివాడివయ్యా, నూకరత్నం ఎంత అదృష్టవంతురాలో అని మెచ్చుకునేవారు. మెచ్చుకున్నప్పుడల్లా గౌరయ్య తల దించేసుకునేవాడట. ఏడాది పాటు అదే పని ఆవిడ చేస్తే ఒక్కడూ మెచ్చుకోలేదు, తనతో సహా. ఆ సిగ్గు మాత్రం వాడికి జన్మంతా పోలేదు. పోకపోవడమే మంచిదైంది అనేది మా అమ్మమ్మ. మీసం పెరిగింది గానీ వాడు మళ్ళీ మెలెయ్యలేదు.

అందుకని, మన కోసం ఎవరు చేస్తున్నారో కళ్ళు తెరిచి చూడాలర్రా. చూసి ఊరుకోకూడదు, లేచి ఒక చెయ్యి వెయ్యాలి. అది ఆడచెయ్యా మగచెయ్యా అని కుండ అడగదు, పొయ్యి అడగదు.

కథ నడుచుకుంటూ కంచి దాకా పోయింది, ఇక మన కళ్ళు మన ఇంట్లోనే మూసుకోవాలి. లే పండూ, మీ అమ్మ ఇంకా వంటింట్లోనే ఉంది, ఆ గిన్నెల చప్పుడు వినబడటంలా? నువ్వూ నాన్నా వెళ్ళి కడిగేసి, అమ్మని పిలుచుకురండి. అమ్మాజీ, నువ్వూ నేనూ ఈలోపు పక్కలేద్దాం.